హెల్లి ఇచ్చిన ఇత్తడి ఉంగరం

రౌమా ఊళ్ళో కంసాలి అర్వి లెహ్తిసాలో అంటే నిప్పులాంటి మనిషని పేరు. తెగిన గొలుసు తెచ్చి అతికించమంటే, అతుక్కి వేసిన పిసరు బంగారానికి డబ్బు పుచ్చుకోడు. ఉంగరం వదులు చేయమంటే, ఆకురాయికి రాలిన పొడిని కాగితంలో పొట్లం కట్టి మరీ చేతిలో పెడతాడు. పైగా సిపాయి. రెండు యుద్ధాలు చేసి, తొడలో ఒక ఇనుపముక్కతో, కోటుకి ఒక పతకంతో తిరిగొచ్చాడు. పెళ్ళాం, కూతురు, మనవలు అంటే ప్రాణం పెడతాడు. డెబ్బై ఐదేళ్ళ వయసులో ఇలాంటి మనిషి గుండెల మీద చెయ్యేసుకుని హాయిగా బతకాలా వద్దా? వాడికి ఆ యోగం లేదు. ఎవరైనా మెచ్చుకుంటే చాలు, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టేవాడు. జనం అది వినయమనుకునేవాళ్ళు. వినయమూ కాదు, పాడూ కాదు. సిగ్గు.

ఆ జూన్ నెలలో, సోమవారం పొద్దున, కూతురు సిర్కా కొట్లోకి వచ్చింది. వచ్చే శనివారానికి అమ్మానాన్నల పెళ్ళై యాభై ఏళ్ళు. తోటలో బల్లలు వేసి ఊళ్ళోవాళ్ళందరికీ కాఫీ ఇవ్వాలని ఏర్పాటు. అమ్మ యుద్ధకాలంలో బంగారంది ఇచ్చేసి ఇన్నేళ్ళుగా ఆ ఇనుప ఉంగరంతోనే గడిపేసిందనీ, ఇప్పటికైనా బంగారంది తొడగాలనీ, తనూ తన పిల్లలూ తలా ఇంత వేసుకుంటామనీ చెప్పింది. "కానీ నువ్వే చెయ్యాలి నాన్నా. మొదటిది నువ్వే చేశావుగా. అచ్చం అలాంటిదే కావాలి."

అర్వి సరేనన్నాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. సిర్కా నవ్వి, తండ్రి బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయింది. కొత్తగా చేయాల్సిన పనేముంది? ఆ మొదటి ఉంగరం అతని మోకాలి దగ్గరి సొరుగులో, దగ్గుబిళ్ళల డబ్బాలో, నలభై ఆరేళ్ళుగా పడి ఉంది.

నలభయ్యో సంవత్సరం సంగతి అది. చలికాలపు యుద్ధంలో దెబ్బ తిని అర్వి ఇల్లు చేరాడు. మంచులో పడి ఉన్నవాణ్ణి పక్క వీధి ఒస్సి తన భుజాలకి తాడు కట్టుకుని చెక్కబండి మీద లాక్కొచ్చి బతికించాడు. ఒస్సి మాత్రం మరో నాలుగు రోజులకి అదే యుద్ధంలో పోయాడు. ఆ రోజుల్లోనే దేశమంతా ఆడవాళ్ళు పెళ్ళి ఉంగరాలు తీసి ఇచ్చేస్తున్నారు, యుద్ధవిమానాలు కొనడానికని. ఇచ్చినవాళ్ళకి బదులుగా ఒక ఇనుప ఉంగరం ఇచ్చేవారు. ఇనుపది లేని ఆడదాని వేలు చూసి పక్కామె మొహం తిప్పుకునేది.

అర్వి భార్య హెల్లి ఒక శుక్రవారం తన ఉంగరం తీసి మొగుడి చేతిలో పెట్టింది. "మురికిగా ఇస్తే బావుండదు. మెరుగు పెట్టి ఇవ్వు, రేపు తీసుకెళ్తాను" అంది. లోపలివైపు అర్వి పేరు, పెళ్ళి తేదీ చెక్కి ఉన్నాయి. పనివాడిగా ఉన్న రోజుల్లో రెండేళ్ళు కూడబెట్టిన బంగారంతో తన చేత్తో చేసిన మొట్టమొదటి ఉంగరం. పక్కగదిలో మూడేళ్ళ సిర్కా దగ్గుతోంది. అర్వికి సరిహద్దు నుంచి ఇళ్ళు వదిలి, దూడల్ని తోలుకుంటూ, మూటలు మోసుకుంటూ వచ్చిన జనం కళ్ళముందు కదిలారు. రేపు మనమూ అలా పోవాల్సి వస్తే? చేతిలో పిసరు బంగారమైనా లేకపోతే ఈ పిల్లకి రొట్టె ఎక్కణ్ణించి తేవాలి? ఆ భయం నిజమే, కాదనను. భయం అందరికీ ఉంది. అందరూ ఇత్తడితో దొంగ ఉంగరం చెయ్యలేదు.

యుద్ధం నుంచి జేబులో తెచ్చుకున్న ఖాళీ తూటా గొట్టం ఒకటి కోసి, వంచి, అతికించి, పైన బంగారు పూత పూసి, లోపల అదే పేరు, అదే తేదీ చెక్కాడు. ఒక్క సాయంత్రం పట్టింది. వాడి పనితనం అలాంటిది మరి. మర్నాడు హెల్లి ఆ ఇత్తడిని రుమాల్లో చుట్టుకుని, మంచి గౌను వేసుకుని, తలెత్తుకుని వెళ్ళి ఇచ్చి వచ్చింది.

అంతటితో ఆగితే ఒక విధంగా ఉండేది. సోమవారం ఒస్సి పెళ్ళాం సైమి కొట్లోకి వచ్చింది. ఎనిమిదో నెల. వేళ్ళు వాచిపోయి ఉంగరం ఊడి రావడం లేదు. కోసి తీసి ఇవ్వమంది. చెయ్యి చాచింది కానీ అర్వి రంపం అందుకోగానే మళ్ళీ వెనక్కి లాక్కుంది. లోపల ఒస్సి పేరుంది. మనిషి ఎక్కడో మట్టిలో కలిసిపోయాడు, ఇల్లు చేరింది ఒక ఉత్తరం, ఒక జత చేతితొడుగులు. ఇంకేం లేదు ఆ పిల్లకి. అప్పుడు హెల్లి వచ్చి పక్కన కూచుని, సైమి భుజం మీద చెయ్యేసి, తన వేలికున్న ఇనుప ఉంగరం చూపించింది. నేనూ ఇచ్చేశాను, చూడు, నొప్పి ఒక్క క్షణమే అని ధైర్యం చెప్పింది. సైమి కళ్ళు మూసుకుని చెయ్యి చాచింది. అర్వి కోశాడు. కోసినంతసేపూ మోకాలు ఆ సొరుగుకి తగులుతూనే ఉంది.

తర్వాత మళ్ళీ మూడేళ్ళు యుద్ధానికి పోయాడు. అక్కడ అందరికంటే ముందుకు ఉరికేవాడట. పతకం ఇచ్చింది అందుకే. ఎందుకు ఉరికాడో అధికారులకేం తెలుసు?

యుద్ధాలు ముగిశాయి, వాళ్ళకి ఇల్లు వదిలి పోవాల్సిన అవసరం రాలేదు, సిర్కా దగ్గు కూడా తగ్గిపోయింది. బయటపెట్టడానికి మాత్రం రోజు దొరకలేదు. ఏటా డిసెంబరు ఆరున, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున, హెల్లి బడికి వెళ్ళి పిల్లలకి ఉంగరాల కథ చెప్పేది. ఇనుప ఉంగరం తీసి బల్లల మీదుగా చేతులు మారనిచ్చేది. అర్వి ఆ రోజు తప్పకుండా ఏదో పని కల్పించుకునేవాడు.

సిర్కా వెళ్ళాక కొట్టు తలుపు గడియ వేసి అర్వి డబ్బా తీశాడు. దారి సుళువుగానే ఉంది. మూసలో వేసి కరిగిస్తే పేరూ పోతుంది, తేదీ పోతుంది. అదే బంగారంతో కొత్త ఉంగరం. హెల్లి బంగారం హెల్లికే చేరుతుంది. పాపం కూడా ఆవిరైపోతుంది. ఉంగరాన్ని మూసలో వేసి మంట వెలిగించాడు కూడా. అప్పుడు గుర్తొచ్చింది. శనివారం పొద్దున అందరూ చప్పట్లు కొడుతుంటే, ఆ ఉంగరం తొడుగుతూ ఆవిడ మొహంలోకి చూడాలి కదా. ఒకసారి మోసం చేసినప్పుడు వయసు ఇరవై తొమ్మిది, భయం ఉంది. ఇప్పుడేముంది సాకు? మంట ఆర్పేశాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి, చేపల పులుసు గిన్నె పక్కన ఉంగరం పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

హెల్లి ముందు నవ్వింది. తర్వాత ఉంగరం ఎత్తి కిటికీ వెలుతుర్లో లోపలి అక్షరాలు చదివింది. అర్వికి నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. పిల్ల దగ్గు గురించి, రొట్టె గురించి ఏదో గొణిగాడు.

"సిర్కా పేరెత్తకు" అంది హెల్లి. "నా పేరూ ఎత్తకు. మాకోసం చేశానని ఇంకెప్పుడూ అనకు."

ముప్ఫై ఏళ్ళు పిల్లల ముందు నిలబెట్టి తన చేత అబద్ధం చెప్పించాడని అంది. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. పెంచితే అతనికి కాస్త తెరిపిగా ఉండేది. చివరికి ఒక్కటి అడిగింది.

"సైమిది కోసినప్పుడు ఇదెక్కడుంది?"

"సొరుగులో."

"నేను సైమి పక్కన కూచున్నాను అర్వీ. నా వేలు చూపించాను. నన్ను చూసే అది చెయ్యి చాచింది."

లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి, వేలికి సబ్బు రాసి, ఇనుప ఉంగరం తిప్పి తిప్పి లాగింది. నలభై ఆరేళ్ళ ఉంగరం అంత తొందరగా రాలేదు. వచ్చాక ఆ వేలు మధ్యలో తెల్లగా, సన్నగా, ఎవరిదో పరాయి వేలులా ఉంది. తనేమీ ఇవ్వలేదు కాబట్టి ఇనుపది తనది కాదని, బంగారందీ ఇప్పుడు తనకి అక్కర్లేదని రెండూ గూట్లో పెట్టేసింది. "వెళ్ళి సైమికి చెప్పు. నువ్వు చెప్పేదాకా శనివారం ఏ కాఫీ లేదు, ఏ పెళ్ళిరోజూ లేదు."

సైమి ఇల్లు పది నిమిషాల నడక. ఆ పది నిమిషాల్ని అర్వి అరగంట చేశాడు. దారిలో ముగ్గురు ఆపి శనివారం గురించి అడిగారు. ముగ్గురికీ టోపీ తీసి తల ఊపాడు. ఆమె ఏమేమి అనొచ్చో అన్నీ ముందే అనుకున్నాడు. దొంగ అంటుంది. దేశద్రోహి అంటుంది. ఒస్సి నిన్ను మంచులోనే వదిలేయాల్సింది అంటుంది. అన్నిటికీ అవునని తల వంచుకుందాం అనుకున్నాడు. తిట్లు తింటే కొంచెమైనా బరువు దిగుతుందేమో అని లోలోపల ఒక ఆశ కూడా ఉంది, ఎందుకు దాచాలి.

సైమి బంగాళాదుంప మొక్కలకి మట్టి ఎగదోస్తోంది. అతన్ని చూసి, యాభై ఏళ్ళ పెళ్ళికొడుకు మట్టి తొక్కడానికి వచ్చాడేమిటని ఎగతాళి చేసింది. చేతులు కడుక్కుని మెట్ల మీదికి కాఫీ, తీపి రొట్టె తెచ్చింది. చేతికి ఆ ఇనుప ఉంగరం ఉంది. అర్వి కప్పు ముట్టుకోలేదు. నిలబడే చెప్పాడు, ఏదీ దాచకుండా, సొరుగు ఎక్కడుందో కూడా చెప్పాడు.

సైమి తిట్టలేదు. కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత చిన్న చిన్న ప్రశ్నలు అడిగింది, కొట్లో బేరానికి వచ్చినట్టు. దేంతో చేశావు అంది. తూటా గొట్టంతో అన్నాడు. ఎవరైనా గుర్తుపట్టారా అంది. లేదన్నాడు. ఎంతసేపు పట్టింది అంది.

"ఒక సాయంత్రం."

"నేను సోమవారం వచ్చాను కదా" అంది సైమి. "అప్పటికి ఇత్తడి ఇంకా మిగిలే ఉండాలి నీ దగ్గర."

"ఉంది."

"మరి నాకూ ఒకటి చెయ్యలేకపోయావా అర్వీ? వాళ్ళకి ఇత్తడిది ఇచ్చేదాన్ని. ఒస్సి పేరు నా దగ్గర ఉండిపోయేది."

నలభై ఆరేళ్ళలో అర్వి తనని తాను ఎన్నిటికో తిట్టుకున్నాడు, ఈ ఒక్కదానికి మాత్రం తిట్టుకోలేదు. దేశాన్ని మోసం చేశాననుకున్నాడు, హెల్లిని మోసం చేశాననుకున్నాడు. ఆ సోమవారం సైమి చాచిన వాచిన చెయ్యి తన చేతిలోనే ఉంది, ఇత్తడి ముక్క బల్ల మీదే ఉంది, చెయ్యడం వచ్చిన మనిషి ఊరు మొత్తానికీ తనొక్కడే. ఆమె ఇంకా జవాబు కోసం అతని మొహంలోకే చూస్తోంది.

"తోచలేదు సైమీ" అన్నాడు. "మా ఇల్లు తప్ప నాకింకేం తోచలేదు."