రెండు మీద ఆగిన ఎర్రబిళ్ళ

నేను ఒక నొప్పి కొలిచే పట్టీని. జానెడు పొడవు, మొద్దు ప్లాస్టిక్ ఒళ్ళు, నడుమ గాడిలో అటూ ఇటూ జరిగే ఎర్రబిళ్ళ. ఒకవైపు ఆరు మొహాలుంటాయి. మొదటిది పళ్ళికిలిస్తుంది, చివరిది కన్నీళ్ళు కారుస్తుంది. వెనకవైపు సున్నా నుంచి పది దాకా అంకెలు. రోగి మొహాలు చూసి బిళ్ళ జరపాలి, రాసేవాళ్ళు నన్ను తిప్పి అంకె చూసుకోవాలి. ఇంతే నా ఉద్యోగం.

నన్ను ఏ అచ్చులో పోశారో గానీ, ప్లాస్టిక్‌తోపాటు అనుమానం కూడా పోశారు. మొదట ఒక మందుల కంపెనీవాడు నన్ను ఒక పెద్ద డాక్టరుకు కానుకగా ఇచ్చాడు. ఆయన రెండేళ్ళు నాతో వీపు గోక్కున్నాడు. తర్వాత పరిశోధన చేస్తున్నానంటూ ఒకాయన నన్ను జేబులో వేసుకున్నాడు. క్యాంటీన్లో మిరపకాయ బజ్జీ తింటూ, నన్ను బయటికి తీయకుండానే, నలభైమంది నొప్పి కాగితం మీద నింపేశాడు! నాకు తెలియదా ఈ వేషాలు? అప్పటినుంచి తెల్లకోటు కనిపిస్తే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది.

చివరికి నవనీత అనే రిసెర్చి నర్సు చేతిలో పడ్డాను. ఈసారి పరిశోధన కాలి ఎముకల ఆపరేషన్ల మీద. ఆపరేషన్ తర్వాత నరం దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. రెండు రకాల మందుల్లో ఏది ఎక్కువసేపు నొప్పిని ఆపుతుందో తేల్చాలి. ఎవరికి ఏ మందు వెళ్ళిందో రోగికీ తెలియదు, నవనీతకూ తెలియదు. తెలియకపోతేనే నిజం బయటపడుతుందట! తెలిసినవాళ్ళ నిర్వాకం చూశాను కనుక నేను ఇదీ నమ్మలేదు.

అలా ఉండగా కొయ్యడ సమ్మయ్య వార్డుకు వచ్చాడు. కల్లుగీత పని. నడుముకూ చెట్టుకూ చుట్టే మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. మోకాలి కింద ఎముకలు విరిగితే లోపల రాడ్ వేశారు. మత్తు డాక్టరు ఇర్ఫాన్ నవనీతకు ముందే చెప్పి ఉంచాడు: "నొప్పి ఉన్నట్టుండి పెరిగితే వెంటనే చెప్పాలి. కండ లోపల వాచి రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లో కాలు పోతుంది." కాలు పోతే సమ్మయ్యకు చెట్టు లేదు. ఆ సంగతి నాకు కూడా అర్థమైంది.

ఆపరేషన్ మర్నాడు సాయంత్రం నాలుగింటికి మంచం చుట్టూ అతనితో చెట్లెక్కేవాళ్ళు నలుగురు. కాళ్ళ దగ్గర భార్య సరోజన, చేతిలో టీ ఫ్లాస్కు.

"అన్నా, ఎంత నొస్తుందో ఈ మొకాల బొమ్మలల్ల సూపియ్యి," అంటూ నవనీత నన్ను అతని ముందు పెట్టింది.

సమ్మయ్య నా ఏడుపు మొహాన్ని ఎగాదిగా చూశాడు. "గిట్ల ఏడ్సేదాని మీద ఏలు వెట్టాల్నా?"

"చెట్టెక్కేటోనికి నొప్పేంది చెల్లే!" అని వాళ్ళలో ఒకడు అందుకున్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. సమ్మయ్య బిళ్ళను రెండో మొహం మీద ఆపాడు. "గింతే. రాస్కో."

అతని బొటనవేలి చెమటకు నా ఒళ్ళంతా తడిసింది. మనిషి అబద్ధమాడుతున్నాడని తెలియడానికి నాకు ఆ చెమట చాలు. కానీ నాకు నోరెక్కడిది? నా వెనక రెండు అని చక్కగా కనబడుతోంది. నవనీత రెండు వేసింది. కాగితం మూలన ఇంకేదో గబగబా గీకి, నన్ను జేబులో వేసుకుని వరండాలోకి వెళ్ళింది. ఓహో, ఈవిడా అంతేనన్నమాట, క్యాంటీన్‌కే పోతోంది అనుకున్నాను.

ఆమె ఫోన్ తీసింది. "సార్, సమ్మయ్యను ఒకసారి వచ్చి చూడాలె."

"స్కోరెంత?"

"రెండు."

"రెండుకు నేనెందుకమ్మా?"

"రెండని జరిపిండు సార్. కానీ చెయ్యి మంచం కడ్డీని ఇడుస్తలేదు. దోస్తులందరు నవ్వుతుంటే ఆయనొక్కడు నవ్వుతలేడు."

ఇర్ఫాన్ గొణుక్కుంటూనే వచ్చాడు. స్నేహితులను బయటికి పంపి పిక్క మీద చెయ్యి వేశాడు. రాయిలా ఉంది. కాలి బొటనవేలిని మెల్లగా పైకి వంచాడో లేదో, "అవ్వా!" అని సమ్మయ్య పెట్టిన కేకకు సరోజన చేతిలోని ఫ్లాస్కు జారిపోయింది. అరగంటలో ఆపరేషన్ బల్ల మీదికి చేర్చి, కండ మీది పొర కోసి లోపలి ఒత్తిడి దించారు. కాలు దక్కింది.

ఆమె మూలన గీకిందేమిటో తర్వాత చూశాను. నవనీత నన్ను ఆ కాగితం మీదే పెట్టి గీత గీసింది. మూలన ఇలా ఉంది: "చెప్పింది రెండు. నేను నమ్మలేదు." ఎంత సిగ్గేసిందో ఏం చెప్పమంటారు! ఊరందరినీ అనుమానించిన నేను ఆవేళ అబద్ధాన్ని వీపు మీద మోశాను. నన్ను నమ్మి ఊరుకుంటే అతని కాలు పోయేది.

ఇరవై రోజుల తర్వాత సమ్మయ్య కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు. నవనీత నన్ను బయటికి తీయగానే వెంట వచ్చినవాళ్ళ వైపు తిరిగాడు. "మీరు జర అవుతల కూసోండ్రి." సరోజన కూడా వెళ్ళేదాకా ఆగాడు. అప్పుడు బిళ్ళను ఏడుపు మొహానికి ముందున్న మొహం దాకా తోశాడు.

"గీ పట్టీనైతే నమ్మకు చెల్లే," అన్నాడు. "మనమేం జెప్తే గదే జెప్తది."

నా వెనక ఎనిమిది ఉంది. నవనీత వెంటనే రాయలేదు. అతని చేతివైపు చూసింది. అది బల్ల అంచును బిగించి పట్టుకుని ఉంది. చూశాకే ఎనిమిది వేసింది. నన్ను అనుమానించినందుకు నాకు కోపం రాలేదు.