పిండి పడని కెమెరా

అమ్మమ్మ ముందుగదిలో టీవీ పైన మేకుకి ఒకే ఒక్క ఫోటో వేలాడుతుంటుంది. నిరుడు కార్నివాల్ ఊరేగింపులో అమ్మమ్మ కుంబియా నాట్యం ఆడుతూ, తల వెనక్కి వాల్చి నవ్వుతున్న ఫోటో. తీసింది నేను కాదు, పక్కింటి యురానిస్. అదీ అంచు పగిలిన ఫోనుతో. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ అమ్మమ్మ దాన్ని చూపించి "మా యురానిస్ తీసింది" అంటుంది. మా అట. సొంత మనవరాల్ని నేనక్కడే గుంజలా నిలబడి ఉండగా.

ఈ ఏడు ఆ మేకుకి నా ఫోటోనే వేలాడాలి. దానికోసమే కెమెరా కొన్నాను, పొడవాటి లెన్సు కొన్నాను, కనబడ్డ ప్రతి వీడియో చూశాను. ఎండ నడినెత్తి మీదుంటే కళ్ల కింద నల్లగా గుంటలు పడతాయి, సాయంత్రం పక్కనుంచి పడే ఎండలోనే తీయాలి. తిరిగే పావడా చెదరకుండా రావాలంటే షట్టర్ వేగం పెంచాలి. అన్నీ బట్టీ కొట్టాను.

కార్నివాల్ ఆదివారం కెమెరాకి ప్లాస్టిక్ సంచి చుట్టి వీధి పక్కన గ్యాలరీ ఎక్కి కూర్చున్నాను. ఆ పండగ రోజుల్లో మా ఊరు బారంకియాలో ఎవరు ఎవరికి మొక్కజొన్న పిండి పులుముతారో చెప్పలేం. నా వైపు చెయ్యెత్తిన ప్రతివాడికీ కెమెరా చూపించి వద్దన్నాను. ఒక్క రవ్వ పడలేదు. అమ్మమ్మ బృందం వచ్చింది, చేతుల్లో కొవ్వొత్తుల కట్టలు, తలల్లో పూలు. జూమ్ లాగి టపటపా కొట్టాను. చూస్తే అన్నీ బిగుసుకున్న మొహాలే. నా లెన్సు కనబడగానే అమ్మమ్మ కూడా పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు అయిపోయింది.

కింద వీధిలో యురానిస్, తల నుంచి చెప్పుల దాకా తెల్లగా. ఆడేవాళ్ల ముందు వెనక్కి నడుస్తూ, పిండి పూస్తూ, పూయించుకుంటూ, మధ్యమధ్యలో ఫోను ఎత్తుతోంది. అమ్మమ్మ దాని బుగ్గ గిల్లింది.

దిగి వెళ్లి దాని పక్కనే నిలబడ్డాను. అదే చోటు, అదే ఎండ. అది వంగితే నేనూ వంగాను. నేను కెమెరా ఎత్తగానే ఆడేవాళ్లు మళ్లీ బిగుసుకుపోయారు.

యురానిస్ నన్ను ఎగాదిగా చూసింది. "ఏంటే కెయిలా, ఇంత శుభ్రంగా ఉన్నావు, తనిఖీకి వచ్చావా?"

"కెమెరా పాడవుతుందే."

"అయితే దాన్ని ఇంట్లో దాచుకుని నువ్వొక్కదానివే రావాల్సింది."

తిట్టేదాన్నే. ఈలోపు అమ్మమ్మ ఆట ఆపకుండానే దగ్గరికొచ్చి, గుప్పెడు పిండి నా రెండు బుగ్గలకీ పులిమి, "ఇప్పుడు మా పిల్లలా ఉన్నావు" అనేసి తిరుగుతూ వెళ్లిపోయింది.

సంచి పీకేశాను. జూమ్ లాగడం మానేసి నేనే దగ్గరికి వెళ్లాను. తీసిన ప్రతిదీ వెంటనే చూసుకోవడం కూడా మానేసి, డప్పుతోపాటు అడుగేస్తూ తీశాను. ఎవరూ బిగుసుకోలేదు. ఎండ పక్కకి వాలి, గాల్లో పిండి బంగారంలా లేచింది.

పండగయ్యాక అమ్మమ్మకి అన్నీ చూపించాను. ఒకదాని మీద వేలు పెట్టి ఇదే అంది. అందులో అమ్మమ్మ నోరారా నవ్వుతోంది. నేను తీసినవాటిల్లో అంత మంచిది లేదని నాకూ తెలుసు. కానీ ఆ నవ్వు తెప్పించినదీ అందులోనే ఉంది. అమ్మమ్మ చెంపకి చెంప ఆనించి, తెల్లగా, యురానిస్.

వేరేది చూడమని బతిమాలాను. వినలేదు. నిరుటిది దింపి నాది తగిలించింది. సాయంత్రం ఎవరో వస్తే, మా కెయిలా తీసిందని చెప్పింది. వాళ్లు దగ్గరికెళ్లి, పక్కన ఈ పిండిపిల్ల ఎవరని అడిగారు.

"మా యురానిస్" అంది అమ్మమ్మ.

కంప్యూటర్లో దాన్ని ఫోటోలోంచి కత్తిరించేద్దామని అప్పట్నుంచీ చూస్తున్నాను. ఎక్కడ కత్తిరించినా అమ్మమ్మ నవ్వు సగానికి తెగిపోతోంది.