వెనకాలే ఉన్నాను

పాలు పొంగేలోపు నాలుగు ఫోన్లూ తుడిచేయాలి. పొయ్యి పక్క గట్టుమీదే వరసగా ఉంటాయి కాబట్టి రోజూ నూనె చుక్కలు పడుతూనే ఉంటాయి. నల్లది మాది. ఎర్రది, నీలంది, తెల్లది మా ఆయన కొన్న లారీ కంపెనీలవి. తుడుస్తుండగా దగ్గొచ్చింది. రెండు పొడి దగ్గులు, తర్వాత చిన్న ఊపిరి. నాకు జలుబూ లేదు, జ్వరమూ లేదు. ఆ దగ్గు నాది కాదు, తెల్ల ఫోనావిడది. ఆవిడ పోయి మూడేళ్లయింది.

బడికి సెలవని వంటింట్లోనే కూర్చుని బొమ్మలేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తి, "ఇప్పుడు ఎవరమ్మా?" అంది. ఏడేళ్ల పిల్ల. ఇవాళ టిఫినేంటి అన్నంత మామూలుగా అడుగుతుంది. నాకే ఒళ్లు జలదరిస్తుంది.

నా పెళ్లయ్యేనాటికి మా ఆయనకి రెండే లారీలు. లారీవాళ్లకో అలవాటుంది. లోడెక్కాక, తాళం తిప్పేముందు ఓనరింటికి ఫోన్ చేస్తారు. ఆ ఇంటి ఆడమనిషి గొంతు వింటేగాని బండి కదలదు. "తిన్నావా తమ్ముడూ? సరే, నెమ్మదిగా వెళ్ళిరా" అనేదాన్ని నేను. చేతులకి పిండి ఉన్నా, కడుపులో పిల్ల తంతున్నా, ఒకసారైతే నూటమూడు జ్వరంలోనూ అన్నాను. దాన్ని మా ఇంట్లో ఎవరూ పని అనుకోలేదు. "కూర్చుని హలో అనడమేగా, నువ్వేమన్నా స్టీరింగ్ పట్టుకుంటున్నావా?" అనేవారాయన.

ఎర్ర ఫోను కంపెనీని కొన్నప్పుడు కాగితాల్లో లారీలు రాసుకున్నారు, షెడ్డు రాసుకున్నారు, ఆఖరికి చిరిగిన టార్పాలిన్లు కూడా రాసుకున్నారు. ఫోనెత్తే ఆవిణ్ణి మాత్రం రాసుకోలేదు. ఆవిడకి బదులు మా గుమాస్తా ఎత్తాడు. పది రోజుల్లో సగంమంది డ్రైవర్లు తాళాలు బల్లమీద పెట్టి వెళ్లిపోయారు. ఆయన తల పట్టుక్కూర్చున్నారు. అప్పుడు గుర్తొచ్చాను నేను. చిన్నప్పుడు అందరి గొంతులూ అనుకరించి ఇంటిల్లిపాదినీ నవ్వించేదాన్నని పెళ్లైన కొత్తలో నేనే చెప్పుకున్నాను, నోరు ఊరుకోక.

"ఆవిడ దగ్గర నాలుగు రోజులు కూర్చో. ఎలా మాట్లాడుతుందో పట్టుకొచ్చెయ్" అన్నారు.

పట్టుకొచ్చాను. ఆవిడ తిట్టేది. "నిద్రొస్తే పక్కకాపి చావు, నీకోసం అక్కడెవరూ దండలు పట్టుకుని నుంచోలేదు" అనేది. ఆ తిట్టు కోసమే డ్రైవర్లు ఫోన్ చేసేవాళ్లు. నాలుగు రోజులూ నాకు కాఫీ ఇచ్చింది పాపం. ఆఖరి రోజు గుమ్మం దాకా వచ్చి, "మరి నేనింక ఎవర్ని తిట్టాలమ్మా?" అని చాలా మెల్లగా అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఫోను సంచిలో వేసుకుని వచ్చేశాను. ఆ తర్వాత నీలం ఫోనావిడ దగ్గరికీ వెళ్లాను. ఆవిడ ప్రతి మాటకీ ముందు కిలకిలా నవ్వేది. అదీ తెచ్చాను.

తెల్ల ఫోనావిణ్ణి నేను చూడనేలేదు. ఆవిడ పోయాకే ఆ కంపెనీ అమ్మకానికొచ్చింది. "డ్రైవర్లకి తెలీదు. తెలియనివ్వకు" అన్నారు మా ఆయన. ఫోన్లో మిగిలిన రికార్డింగులు విని నేర్చుకున్నాను. రెండు దగ్గులు, ఒక ఊపిరి, తర్వాత "నీ వెనకాలే ఉన్నాను, పో." అంతే. మొదటిసారి నేనా మాటన్నప్పుడు అవతల డ్రైవరు చాలాసేపు పలకలేదు. తర్వాత "సరే అక్కా" అని బండి తీశాడు. అప్పట్నుంచీ బట్టలు ఆరేస్తున్నా, తల దువ్వుకుంటున్నా నా వెనక ఎవరో నుంచున్నట్టే ఉంటుంది. తిరిగి చూడటం మానేశాను.

ఇవాళ మమ్మల్నే కొనేస్తున్నారు. చాలా పెద్ద కంపెనీ. "ఇంక నీకు హాయి, కాళ్లు చాపుకుని కూర్చో" అన్నారాయన పొద్దున్నే. వాళ్లది ఒకటే షరతు. నాలుగు గొంతులూ అప్పజెప్పాకే సంతకాలు.

పదింటికి వాళ్ల తరఫున ఒకమ్మాయి వచ్చింది, నోటు పుస్తకంతో. "మేం పదకొండుమందిమి మేడమ్, తలా ఇరవై గొంతులు పలుకుతాం" అంది గర్వంగా. ఎర్రదీ నీలందీ వినిపించాను. ఇట్టే పట్టేసింది. తెల్లది వినిపించాను. ఆ పిల్ల రెండుసార్లు దగ్గి, చిన్న ఊపిరి తీసి, "నీ వెనకాలే ఉన్నాను, పో" అంది. చెయ్యెత్తి ఆపాను.

"దగ్గొద్దమ్మా. అది ఆవిడ జబ్బు. దానితోనే పోయింది."

"డ్రైవర్లకి అలవాటు కదా మేడమ్, తీసేస్తే ఎలా?" అంటూ రాసుకుంది.

"మరి నీ సొంత గొంతేదమ్మా?" అనడిగాను. కిలకిలా నవ్వింది. నీలం ఫోనావిడ నవ్వు.

"ఇక మీది చెప్పండి" అంది, నల్ల ఫోను చూపించి.

నోరు తెరిచాను. ఎర్ర ఫోనావిడ తిట్టొచ్చింది. మళ్లీ తెరిస్తే నీలం ఫోనావిడ నవ్వొచ్చింది. మా ఆయన గుమ్మంలోంచి, "ఏంటా వెర్రి వేషాలు? మామూలుగా మాట్లాడు. నాతో మాట్లాడతావే, అలా" అన్నారు.

"అలాగేనండీ" అన్నాను. నా చెవులతో నేనే విన్నాను. అది మా అత్తగారి గొంతు. పెళ్లైన మొదటి వారంలోనే "ఏంటా గట్టి గొంతు? మా అమ్మలా మెత్తగా మాట్లాడు" అన్నారీయన. ఆవిడ వెనకాలే వంటింట్లో తిరిగి, నాలుగు రోజుల్లో ఆ సాగదీత, ఆ తగ్గడం నేర్చేసుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. అత్తగారొక్కరే జాలిగా చూసి, "నాకూ మా అత్తగారు నేర్పిందేలే" అన్నారు. అంటే ఎర్ర ఫోనుకంటే ముందే ఈయన ఒక గొంతు కొన్నారన్నమాట, నాది. అప్పుడూ నన్ను కాగితాల్లో రాసుకోలేదు.

తెల్ల ఫోను మోగింది. కంపెనీ అమ్మాయి చెయ్యి చాచింది. "తననెత్తనియ్యి, చూద్దాం" అన్నారాయన. నేనే ఎత్తాను.

"అక్కా, లోడైంది. బయల్దేరనా?"

దగ్గు గొంతుదాకా వచ్చింది. మింగేశాను.

"తమ్ముడూ, మీ అక్క లేదు. పోయి మూడేళ్లయింది. ఇన్నాళ్లూ మాట్లాడింది నేను."

బొంగురుగా, గట్టిగా వచ్చింది. పెళ్లైన మొదటి వారం తర్వాత ఆ గొంతు ఈ ఇంట్లో ఎవరూ వినలేదు. నా కూతురు తలెత్తింది. ఈసారి ఎవరని అడగలేదు. ఆయన గుమ్మంలోంచి లోపలికొచ్చారు. "నీకు మతి పోయిందా? సంతకాలు కాలేదింకా, పెట్టెయ్ ఫోను!" అని అరిచారు.

అవతల లారీ తలుపు మూసిన చప్పుడైంది.

"తెలుసమ్మా" అన్నాడు డ్రైవరు. "అక్కని ఆసుపత్రినుంచి ఆఖరిసారి ఇంటికి తీసుకొచ్చింది నా బండిలోనే. మా అందరికీ తెలుసు. ఆ గొంతులో పలుకుతున్నది ఎవరో అడగాలంటేనే భయమేసి ఊరుకున్నాం."

ఆయన చెయ్యి ఫోను మీదకి వచ్చింది. పక్కకి తోసేశాను.

"ఇప్పుడడుగు" అన్నాను.