ఒక రోజు వెనకబడ్డ సరస్సు

పొద్దున ఆరింటికి టెంట్లావిడ సుత్తి అందుకుంటే కొండ కాస్త సర్దుకుని కూర్చునేది. నమ్మనివాళ్ళు నమ్మకండి. మీరు రెండు తుమ్ములు తుమ్మేలోగా నలుగురు పడుకునే టెంటు నిలబెట్టేది, మూడో తుమ్ముకి లోపల దుప్పటి పరిచి ఉండేది. ఓసారి ఎలుగుబంటి వచ్చి ఆ టెంటుకి ఆనుకుని వీపు గోక్కుని, అది ఇసుమంతైనా కదలకపోయేసరికి మర్యాదగా వెళ్ళిపోయింది.

మేఘాలు కూడా ఆయాసపడుతూ ఎక్కే ఆ ఎత్తున, సరస్సు ఒడ్డున ఉన్న క్యాంపు ఆవిడ అన్నయ్యది. టెంట్లు ఆవిడ చూసేది, పడవలూ అతిథులూ ఆయన చూసేవాడు. సరస్సు సంగతి అందరికీ తెలిసిందే, ఒక రోజు వెనక నడుస్తుంది. ఇవాళ పదింటికి ఒడ్డున జరిగింది రేపు పదింటికి నీళ్ళలో కనిపిస్తుంది. అందుకే అక్కడికి ఒక్కపూట కోసం ఎవరూ రారు. మొదటిరోజు నీళ్ళ ముందు వరసగా నిలబడి నవ్వుతారు, రెండోరోజు ఆ నవ్వుని ఫొటో తీసుకుని దిగిపోతారు.

ఏటా అరవైమందిని వెంటేసుకొచ్చే కాంట్రాక్టరు ఆ వేసవిలోనూ వచ్చాడు. పదకొండింటికి గాలి లేచింది, మామూలు గాలి కాదు, మీసాలు ఊడి పక్కవాడి మూతికి అతుక్కునేంత గాలి. ఇరవై టెంట్లు నిక్షేపంగా నిలబడ్డాయి. కాంట్రాక్టరుది ఒక్కటే కూలింది. గడకర్ర పడి వాళ్ళత్తగారి మణికట్టు విరిగింది.

మేకులు కొట్టలేదన్నాడు కాంట్రాక్టరు. ఆవిడ గడ్డిలోంచి రెండు మేకులు తెచ్చి చూపించింది. గాలికి ఊడితే చెరో దిక్కునా పడతాయి గానీ ఇలా పక్కపక్కన పడుకోబెట్టినట్టు ఉండవంది. పదింటికి కుటుంబమంతా నీళ్ళ ముందు నిలబడ్డప్పుడు తాళ్ళు అడ్డమొచ్చాయని కాంట్రాక్టరే మేకులు పీకి, మళ్ళీ కొట్టడం మరిచిపోయాడంది. మాటలెందుకు, రేపు సరస్సే చెబుతుందని వంటాయన తేల్చేశాడు. తప్పు ఆవిడదైతే కొండల ఆఫీసువాళ్ళు టెంట్లు వేసే లైసెన్సు కార్డు లాక్కుంటారు. ఇక ఏ కొండమీదా సుత్తి ఎత్తనివ్వరు.

మర్నాడు పదింటికి జనం టీ గ్లాసులతో ఒడ్డుకి చేరేసరికి అన్న పడవలో ఉన్నాడు. నాచు తీస్తున్నానని చెప్పి, ఏనుగుల మంద దిగినట్టు తెడ్డుతో నీళ్ళు చిలికాడు. పావుగంట చిలికితే వెన్న పడలేదు గానీ కాంట్రాక్టరు మొహం వెలిగింది. నీళ్ళు తేరుకునేసరికి చూడాల్సింది కాస్తా దాటిపోయింది.

అన్న చెల్లెల్ని వంటపాకలోకి పిలిచాడు.

"ఒక్క సంతకం పెట్టమ్మా. ఈ కాంట్రాక్టరు పోతే క్యాంపు పోతుంది. వచ్చే సీజనుకి కార్డు నేను తెప్పిస్తాగా."

"నేను కొట్టానన్నయ్యా."

"కొట్టాననుకుంటున్నావు. వయసు మీద పడట్లా?"

ఆవిడ అరచేతులు తిప్పి చూసుకుంది. ముప్ఫై ఏళ్ళలో ఆ చేతుల్ని అనుమానించడం అదే మొదలు. తప్పు నాదేనని రాసి సంతకం పెట్టింది. కాయితమూ కార్డూ కాంట్రాక్టరు జీపులోనే కిందికి దిగిపోయాయి.

మూడోరోజు ఆవిడ పనిలేక ఒడ్డున కూర్చుంది. పదవుతుండగా అన్న పరుగున వచ్చి, పడవ తోసుకుని నిన్నటి చోటికే పోయి తెడ్డు ఎత్తాడు. అక్కడ నాచు లేదు, చూసే జనం లేరు.

ఆవిడ కాసేపు చూసింది.

"కాంట్రాక్టరు వెళ్ళిపోయాడుగా అన్నయ్యా. ఇవాళ ఎవర్ని దాస్తున్నావు?"

తెడ్డు ఆగలేదు. ఆగితే నీళ్ళు తేటపడతాయి, తేటపడితే నిన్నటి అన్న నిన్నటి తెడ్డుతో కనిపిస్తాడు. ఆవిడకి నీళ్ళలోకి చూడాల్సిన అవసరం లేకపోయింది. సుత్తి వంటాయనకిచ్చి కొండ దిగింది. వెనక్కి పిలవడానికి అన్నకి ఊపిరి చాల్లేదు.

అప్పట్నుంచీ ఆయన రోజూ పదింటికి పడవెక్కుతాడు. నిన్న చిలికింది దాచాలంటే ఇవాళ చిలకాలి, ఇవాళ్టిది దాచాలంటే రేపు. నూట అయిదు జ్వరంలో చిలికాడు. సరస్సు గడ్డకట్టిన రోజుల్లో గొడ్డలితో పగలగొట్టి మరీ చిలికాడు. కూతురి పెళ్ళికి కొండ దిగలేదు. అతిథులు అదేదో వేడుకనుకుని చప్పట్లు కొడతారు.

కాంట్రాక్టరు మరుసటేడే ఇంకో సరస్సుకి మారాడు. అక్కడ నీళ్ళు ఏ రోజుది ఆ రోజే చూపిస్తాయట.