ఎవరింటి పిల్ల

సుశ్మిత నాకిచ్చిన పని చిన్నదే. కంప్యూటరు తెర మీద నాలుగు వందల పన్నెండు లింకులు వరసగా ఉంటాయి. ఒక్కొక్కటీ నొక్కాలి. పాత పేపరు పేజీ తెరుచుకుంటే పక్క గడిలో "ఉంది" అని రాయాలి. తెరుచుకోకపోతే "లేదు" అని రాయాలి.

గంజాం జిల్లా హల్దియాపదర్‌లో మా వెయిట్ లిఫ్టింగ్ క్లబ్బు హాలుని ఇరవై ఏళ్లుగా నేనే ఊడుస్తున్నాను. సుశ్మిత చిన్నప్పుడు ఇక్కడే బరువులెత్తింది, ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం. మా క్లబ్బు పిల్లల గురించి పేపర్లలో పడ్డ వార్తలు నెట్‌లో ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, ఆ లింకులన్నీ ఒకచోట పెడుతోంది. పాత పేజీలు ఒక్కొక్కటే మాయమైపోతున్నాయని దాని బెంగ. మధ్యాహ్నంపూట హాలు ఖాళీ, నేనూ ఖాళీ. అందుకని నన్ను కూర్చోబెట్టింది.

నేను యాభై దాటాక మహిళా మండలి తరగతిలో తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. రెండేళ్ల తరవాత ఒడియావి. చదవడం నిదానం. నిదానంగా చదివేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. అంత కష్టపడి మొదలుపెట్టినదాన్ని మధ్యలో వదలబుద్ధి కాదు. మొదటి వారంలో నలభై లింకులు కూడా కాలేదు.

"పిన్నీ, చదవక్కర్లేదు. తెరుచుకుందో లేదో చూస్తే చాలు" అంది సుశ్మిత.

"తలుపు తీసినాక లోపల ఎవులున్నారో సూడకుండా ఎలాగ మూసీమంటావు?" అన్నాను.

నవ్వి ఊరుకుంది. దాని పట్టికలో ఏడాది, ఊరు, పేరు, మెడల్ అని గడులున్నాయి. నేను నా నోటుపుస్తకంలో ఇంకో గడి గీసుకున్నాను. దాని పేరు "ఎవరింటి పిల్ల". మా వైపు ఒక పేరు చెబితే మనిషి తెలియదు. ఫలానా వారి పిల్ల, ఫలానా ఇంటి కోడలు అంటేనే తెలుస్తుంది. ఆ గడి చూసి సుశ్మిత తన పట్టికలో కూడా పెట్టించుకుంది.

లింకులు చివరికొచ్చిన నెలలోనే క్లబ్బు నోటీసు పెట్టింది. ఆడపిల్లలకి నేర్పడానికి ఒక కోచ్ కావాలి. రాష్ట్ర స్థాయిలో కనీసం మూడు మెడళ్లు ఉండాలి. ఖల్లికోట నుంచి ముత్యాలు వచ్చింది.

ముత్యాలు మైలపల్లి వారి పిల్ల. తండ్రి చిలిక సరస్సులో చేపల వేటకి వెళ్లేవాడు. పదహారేళ్లప్పుడు ఈ హాల్లోకి వచ్చింది. అప్పటికి దానికి చెప్పుల్లేవు గానీ, రాడ్డు ముందు నిలబడితే గోడలా నిలబడేది. ఇప్పుడు స్టేషను దగ్గర చేపల కొట్టు నడుపుతోంది. దానికి మూడు మెడళ్లు వచ్చిన సంగతి నాకు తెలుసు. మూడుసార్లూ మిఠాయి పంచింది. ఏ ఊళ్లో, ఏ ఏడాది అంటే మాత్రం నేను చెప్పలేను. అప్పటి కోచ్ పోయారు. కాయితాలు ఫైలిన్ తుపానులో పోయాయి.

సెక్రటరీ ఢిల్లీశ్వరరావు బాబు రైల్వేలో రిటైరై వచ్చినవాడు, ఆ రోజులు చూసినవాడు కాదు. చెడ్డవాడూ కాదు.

"ముత్యాలూ, నీ మాట నాను నమ్ముతాను. రేపు ఎవుడైనా లేచి అడిగితే ఏటి సూపించను? సుశ్మిత లింకుల్లో నీయి మూడు దొరికితే సాలు. శనివారం కమిటీ కూకుంటాది" అన్నాడు.

"నాను సూసినాను కదా బాబూ" అన్నాను.

"నువ్వు సూసింది రాసుకోడానికి గడి లేదు పుణ్యవతీ."

పట్టికలో వెతికితే ముత్యాలు పేరున ఒక్కటే ఉంది. రెండువేల ఏడు, ఎం. ముత్యాలు, కంచు. ముత్యాలు తెరకేసి చూసి, చీర కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఒగ్గీ పిన్నీ. పేపరోడు రాయకపోతే నాను ఎత్తనేదేటి" అని రైలుకి వెళ్లిపోయింది. వదిలెయ్యమన్నది గానీ, గుమ్మం దాటేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి రాడ్డు వైపు చూసింది. అది నాకు నచ్చలేదు. అడగడం చేతకాని మనిషి అలాగే చూస్తుంది.

రెండోది నాకు ఆ మర్నాడే, వరసలన్నీ ఒక్కొక్కటీ చదువుకుంటూ పోతే దొరికింది. రెండువేల పన్నెండు, ఎస్. ముత్యాలమ్మ, వెండి. "ఎవరింటి పిల్ల" గడి ఖాళీగా ఉంది. ఎస్ అంటే ఏమిటా అని కాసేపు చూశాను. ముత్యాలు పెళ్లాడింది సూరాడ వారి అబ్బాయిని. మెట్టినింటి పేరు పెట్టారు. ఇద్దరూ ఒకటే.

మూడోదానికి బుధవారం అయిపోయింది, గురువారమూ అయిపోయింది. ఏ ఊళ్లో ఎత్తావే అని ముత్యాలుకి ఫోను చేస్తే, "ఒగ్గీమన్నాను కదా పిన్నీ" అని పెట్టేసింది. తెరుచుకున్న పేజీల్లో ముత్యాలు అన్న పేరు ఇంకెక్కడా లేదు. అందుకని వెనక్కి వెళ్లి, ఆ గడి ఖాళీగా ఉన్న పేర్లన్నీ ఏరుకున్నాను. తొమ్మిది తేలాయి. ఒక్కొక్కరికోసం ఫోన్లు చేశాను. ఎనిమిది మంది ఇళ్లు తెలిశాయి. మిగిలింది ఒక్కతే. ముక్తా బెహెరా, గంజాం జిల్లా, రెండువేల తొమ్మిది, సంబల్‌పూర్, వెండి. ఖల్లికోటలో, గోపాల్‌పూర్‌లో నాకు తెలిసిన బెహెరాల ఇళ్లన్నీ అడిగాను. బరువులెత్తే ముక్త వాళ్లెవరికీ తెలియదు. మెడల్ తెచ్చిన ఆడపిల్ల ఎవరింటి పిల్లో ఎవరికీ తెలియకపోవడం ఎలా జరుగుతుంది?

ఆ పేజీ మళ్లీ తెరిచాను. అరచేతి వెడల్పు నలుపు తెలుపు ఫొటో. రాడ్డు తల మీద ఉంది, చేతులు అడ్డమై మొహం సరిగ్గా కనబడదు. నేను ఫొటోని పెద్దది చేశాను. నడుం దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది.

బెల్టు బకిల్ పక్కన వేరే తోలు ముక్క అతుకు ఉంది. దాని మీద ఇంటూ గుర్తుల్లా మూడు కుట్లు.

ఆ కుట్లు నావి. ముత్యాలు బెల్టు తెగిపోతే వలదారంతో నేనే కుట్టాను. తోలు చాలలేదు. మా ఆయన అప్పలరాజు పాత్రపూర్‌లో బియ్యం గొడౌనులో కళాసీ. బస్తాలెత్తేటప్పుడు వెడల్పాటి బెల్టు కట్టుకునేవాడు. ఆయన పోయాక అది చిలక్కొయ్యకే వేలాడుతుండేది. అందులోంచి ఒక ముక్క కోసి అతికాను.

మిగతా రెండు పేజీలూ తెరిచి చూశాను. రెండింటిలోనూ అదే అతుకు. మా ఆయన ఎత్తిన బస్తాలకి ఎవరూ ఫొటో తియ్యలేదు. ఆయన బెల్టు మాత్రం మూడుసార్లు పేపర్లో పడింది. కళ్లు తుడుచుకుని ముగ్గురి పక్కనా మైలపల్లి అని రాశాను.

శనివారం కమిటీ ముందు ఆ మాట చెప్పాను. ఢిల్లీశ్వరరావు బాబు ఫొటో చూశాడు.

"అతుకు ఒకటే, కాదన్ను. బెల్టు ఎవులికైనా అరువిచ్చి ఉండొచ్చు కదా?"

అన్నది నిజమే. నేను కబురు పెడితే వచ్చిన ముత్యాలు బెంచీ చివర కూర్చుని ఉంది, ఇంకా ఏమీ చూడలేదు. తెరని నా వైపు తిప్పుకున్నాను.

"బాబూ, ఈ పేజీ దానికి సూపించకండి. సంబల్‌పూర్లో ఏటి జరిగిందో దాన్నే సెప్పనీండి. నాను పేపరు మీద ఏలెట్టుకుని కూకుంటాను."

"సంబల్‌పూరా?" అంది ముత్యాలు. "ఆ ఊరు ఎలాగ మరిసిపోతాను పిన్నీ. అక్కడ నాకు ఒక సాన్సు పోనాది."

"ఎలాగ?" అన్నాడు సెక్రటరీ.

"మైకులో ఎవుల్నో పిలస్తన్నారు. ముక్తా బెహెరా, ముక్తా బెహెరా అనీసి. ఎవులమ్మా ఈ మారాణి, పిలిస్తే లెగదేటి అని నానూ పక్కనున్న కటక్ పిల్లా నవ్వుకుంటన్నాం. నిమిషం అయిపోనాది. అప్పుడు మా టీము మేనేజరు మాస్టారు పరుగెత్తుకొచ్చి, నువ్వే కదే అన్నారు. రైల్లో పేర్లు రాసినప్పుడు ఆయనకి మన ఇంటిపేరు నోరు తిరగనేదు. ముత్యం అంటే ఒడియాలో ముక్తా కదా, అలాగెట్టీసినారు. సేపలోళ్లమని, ఒడియా సేపలోళ్ల ఇంటిపేరు బెహెరా తగిలించీసినారు."

నా వేలు మూడో వరస మీద ఉంది. కూడబలుక్కుని పైకి చదివాను. మొదటి పిలుపుకు ముక్త వేదిక మీదికి రాలేదు, ఒక అవకాశం పోగొట్టుకుంది.



"తరవాతేటైంది?" అన్నాను.

"తరవాత కోపమొచ్చింది. అరవై ఎత్తీసినాను. మళ్లీ అరవై మూడు ఎత్తీసినాను. దింపినాక రాడ్డు కాలి మీదికి దొర్లీసింది, కుంటుకుంటూ మెడల్ తీసుకున్నాను."

పేపర్లోనూ అదే ఉంది. అరవై. అరవై మూడు. కుంటుతూ వచ్చి వెండి పతకం అందుకుంది. ఎప్పుడూ నా చదువు కన్నా జనం మాట ముందు పరుగెత్తేది. ఆ రోజు ముత్యాలు మాటా నా వేలూ ఒక్కసారే వరస చివరికి చేరాయి.

ఢిల్లీశ్వరరావు బాబు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మరి ఇన్నాళ్లూ సెప్పవేటే?"

"పేరు దిద్దించీస్తానన్నారు మాస్టారు. దిద్దించీసినారనుకున్నాను. సర్టిఫికెట్టు ఆయన బడి బీరువాలో ఉంచీసినారు, బీరువా తుపానుకి మునిగిపోనాది."

"బెల్టో?" అన్నాను నేను.

"అది పోనేదు పిన్నీ. మా అత్త మేక మెడకి కట్టీసింది."

సుశ్మిత ముందు నవ్వింది, తరవాత సెక్రటరీ. నవ్వుతూనే కాయితం మీద సంతకం పెట్టాడు. కుర్చీ నా వైపు జరిపి, "నువ్వే దిద్దు పిన్నీ" అంది సుశ్మిత. మూడు వరసల్నీ ఒకచోటికి చేర్చాను. పైన మైలపల్లి ముత్యాలు, కింద తక్కిన రెండు పేర్లు, పక్కన మూడు లింకులు. పట్టికలో లిఫ్టర్లు ఇద్దరు తగ్గారు. అంత మంచి తగ్గుదల నేను చూడలేదు.

ముత్యాలు కోచ్‌గా వచ్చిన మొదటి రోజు పిల్లలచేత రాడ్డు పట్టించలేదు. పదకొండు మందినీ నేల మీద కూర్చోబెట్టి, తలా గుప్పెడు సుద్దపొడి పోసి, "మీ పేరు, ఇంటిపేరు, మీ సేత్తో మీరే రాయండి. పోటీ కాయితం ఎవులికీ రాయడానికి ఇవ్వకండి" అంది.

పిల్లలు వెళ్లాక చీపురు పట్టుకుని వచ్చాను. హాలు పొడవునా తెలుగులోనూ ఒడియాలోనూ తెల్లగా పేర్లు. వంగి ఒక్కొక్కటీ చదివి, అన్నీ పట్టికలో ఎక్కించాను. పదకొండు గడుల్లో ఒక్కటీ ఖాళీ లేదు. చీపురు గోడకి ఆనించేశాను. ఊడవడం మర్నాడు పొద్దున్న చేశాను.