నవంబర్ రెండు ఖాళీగా ఉంది

మా ఇంట్లో కాగితాలన్నీ బీరువాలో ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యమైన కాగితం మాత్రం టాయిలెట్‌లో, కూర్చుంటే కళ్ళకెదురుగా ఉండేట్టు గోడకు వేలాడుతుంది. అది పుట్టినరోజుల క్యాలెండర్. మా ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా ఇంతే. అందులో వారాలుండవు, ఉత్త తేదీలే, కాబట్టి ఒకసారి కొంటే ముప్పై ఏళ్ళు వస్తుంది. రోజూ తీరిగ్గా కూర్చుని ఎవరి పుట్టినరోజు ఎప్పుడో చూసుకోవడానికి ఇంట్లో అంతకంటే అనువైన చోటు లేదు. ఇంత చేశాక కూడా "మర్చిపోయాను" అనేవాణ్ణి మావాళ్ళు క్షమించరు.

మా క్యాలెండర్‌లో అరవై మూడు పేర్లున్నాయి. పోయినవాళ్ళ పేర్ల పక్కన చిన్న శిలువ గుర్తు ఉంటుంది. విడాకులై పన్నెండేళ్ళయినా మా మరిది సీత్సె మొదటి భార్య ఇంకా ఆగస్టులోనే ఉంది. మా కుక్క బూలే కూడా ఉంది, శిలువతో సహా.

ఇరవై రెండేళ్ళుగా నేనూ మా ఆయన డౌవే పరాయి పిల్లల్ని ఇంట్లో ఉంచుకుని పెంచుతున్నాం. కన్నవాళ్ళకు చూసుకునే పరిస్థితి లేనప్పుడు పిల్లల సంరక్షణ ఆఫీసు వాళ్ళు తెచ్చి అప్పగిస్తారు, అక్కడ చక్కబడ్డాక తీసుకెళ్తారు. అలా పదకొండు మంది వచ్చి వెళ్ళారు. క్యాలెండర్‌లో వాళ్ళలో ఒక్కరి పేరూ లేదు.

మొదట్లో ఒకటి ఉండేది. మొదటి పిల్ల ఇల్సే, మార్చి తొమ్మిది. మూడేళ్ళు పెరిగి వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మార్చి వస్తే చాలు, ఆ గోడ ముందు కూర్చుని కళ్ళు తుడుచుకోవడమే నా పని. చివరికి కొత్త క్యాలెండర్ కొని, అందరి పేర్లూ ఎక్కించి, ఆ ఒక్క పేరు వదిలేశాను. అప్పటినుంచి వచ్చే పిల్లల పేర్లేవీ రాయలేదు. అదో నియమం అని నాకు నేనే చెప్పుకున్నాను. పిరికితనానికి అంతకంటే మర్యాదైన పేరు దొరకలేదు.

పన్నెండోది రోమీ. "మూడు వారాలే" అని తెచ్చి వదిలిన పిల్ల పద్నాలుగు నెలలుగా మా ఇంట్లోనే ఉంది. తొమ్మిదేళ్ళది. మోకాళ్ళ మీద ఎప్పుడూ ఏదో ఒక దెబ్బ ఉంటుంది. నోరు మాత్రం గట్టిది. వాళ్ళమ్మ సాండ్రా పట్నంలో చికిత్స తీసుకుంటోంది, కోలుకుంటోంది. రోమీని తిరిగి పంపాలా వద్దా అన్నది వేసవి తర్వాత తేలుస్తామని ఆఫీసు వాళ్ళు చెప్పారు.

ఈ పిల్లకు టాయిలెట్‌లో గంటలు గంటలు కూర్చునే అలవాటు. ఏం చేస్తుందో నాకు మార్చి నెలలో తెలిసింది. అన్నం దగ్గర ఉన్నట్టుండి అడిగింది.

"బూలే కుక్క కదా. దానికి పుట్టినరోజేంటి?"

మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. "ఎందుకుండదు? మనవాళ్ళందరి పేర్లూ అందులో ఉంటాయి మరి!" అన్నాడు గర్వంగా, బంగాళాదుంపలు వడ్డించుకుంటూ. బల్ల కింద నేను కాలు తొక్కేసరికి ఆలస్యమైపోయింది.

"నవంబర్ రెండు ఖాళీగా ఉంది," అంది రోమీ.

నవంబర్ రెండు రోమీ పుట్టినరోజు.

"ఇంట్లో ఉన్నవాళ్ళని ఎవరైనా మర్చిపోతారటే? రాసుకోవాలా?" అన్నాను.

"నీ పేరుందిగా. డౌవే పేరూ ఉంది. మీరు ఈ ఇంట్లో ఉండరా?"

ఇరవై రెండేళ్ళ అనుభవం ఉండి నేనిచ్చిన జవాబు "చూద్దాంలే" అని. పెద్దవాళ్ళు చూద్దామంటే దానర్థం ఏమిటో ప్రపంచంలో ఏ పిల్లకైనా తెలుసు. రోమీ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటేనే బాగుండేది.

ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం డౌవే అరవయ్యో పుట్టినరోజు. హాల్లో కుర్చీలన్నీ గుండ్రంగా వేశాం. పక్కింటివాళ్ళ కుర్చీలు కూడా తెచ్చాం. కాఫీ, గులాబీ రంగు పంచదార పూత పూసిన కేకు, ఆ తర్వాత ఆవాల ముద్దతో చీజు ముక్కలు. మా దగ్గర పుట్టినరోజు ఒక్కడిదైనా శుభాకాంక్షలు మాత్రం అందరికీ చెప్పాలి. వచ్చినవాళ్ళు ఒక చివరనుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి చేయీ పట్టుకుని ఊపాలి. నాకైతే "మీ ఆయన పుట్టినరోజుకి నీకు శుభాకాంక్షలు" అనాలి. సీత్సెకైతే "మీ అన్న పుట్టినరోజుకి" అనాలి. పక్కింటామెకు కూడా "మీ పక్కింటాయన పుట్టినరోజుకి" అని తీరాలి. పదహారు మంది వస్తే ఎన్ని కరచాలనాలో లెక్కేసుకోండి. కాఫీ చల్లారినా సరే, ఎవర్నీ దాటెయ్యకూడదు.

వచ్చినవాళ్ళంతా రోమీ దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల జుట్టు చెరిపి, "కేకు బాగుందా?" అని తప్పించుకుంటూ వచ్చారు. చివరికి ఆఫ్కే అత్తయ్య వచ్చింది. డౌవే మేనత్త, ఎనభై ఎనిమిదేళ్ళు, నలభై ఏళ్ళు బడిలో పంతులమ్మ. పోయినేడాది ఈ రోజుకి తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది కాబట్టి రోమీని చూడడం ఇదే మొదటిసారి. చేతికర్ర టకటకలాడించుకుంటూ వరసగా అందరి చేతులూ ఊపి రోమీ ముందు ఆగింది. చేయి చాచింది. చాచిన చేయి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఏమే పిల్లా, డౌవే నీకేమవుతాడే? నీకు ఏమని చెప్పాలి నేను?"

ఆవిడ మాటలో దురుద్దేశం లేదు. వరస తప్పితే ఆవిడకు ముద్ద దిగదు, అంతే. రోమీ నా వంక చూసింది. పదహారు మందీ నా వంకే చూశారు.

"రోమీ మా దగ్గర కొన్నాళ్ళు ఉండటానికి వచ్చిందత్తయ్యా," అన్నాను.

నా నాలుక నేనే కోసుకుందును. రోమీ కేకు ప్లేటు కింద పెట్టింది, లేచింది, వసారాలోకి వెళ్ళింది. టాయిలెట్ గడియ పడిన చప్పుడు హాల్లో అందరికీ వినిపించింది.

మాది పాత ఇల్లు. టాయిలెట్ ఒక్కటే. అప్పటికి అందరూ రెండో కప్పు కాఫీ ముగించారు.

పావుగంట గడిచింది. తర్వాత సీత్సె కాళ్ళు మార్చి మార్చి నిలబడడం మొదలుపెట్టాడు. "వదినా, నాకు తొందరేం లేదు గానీ..." అన్నాడు. డౌవే తలుపు దగ్గరికెళ్ళి, "రోమీ, పోలీసుల్ని పిలవనా?" అని హాస్యమాడాడు. లోపలినుంచి తలుపు మీద ఒక తన్ను పడింది. తాటాకు చప్పుళ్ళకు బెదిరే రకం కాదు ఆ కుందేలు. సీత్సె పక్కింటికి పరిగెత్తాడు.

నేను వెళ్ళి కోట్లు తగిలించిన కొక్కేల కింద, ఆ తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను.

"రోమీ, తలుపు తియ్యమ్మా."

"తియ్యను."

"ఏం చేస్తున్నావే లోపల?"

"చదువుకుంటున్నా. జూన్‌లో ఉన్నా."

నవ్వొచ్చింది గానీ మింగేశాను. ఈసారి రోమీయే అడిగింది.

"నేను పన్నెండోదాన్నన్నావుగా. మిగతా పదకొండు మందీ అసలు పుట్టనే లేదా?"

ఆ ప్రశ్న నాకు సూటిగా తగిలింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఇల్సే, మార్చి తొమ్మిది. కవలలు బ్రామ్, యుక్కే, జూలై ఇరవై. డానా, మే నాలుగు. ఒమార్, డిసెంబర్ పదమూడు..." ఆగకుండా పదకొండు మందినీ చెప్పాను. ఎక్కడా తడుముకోలేదు.

"అన్నీ గుర్తున్నాయా నీకు?"

"ఆఁ."

"మరి రాయలేదేం?"

"రాస్తే చూసినప్పుడల్లా ఏడుపొస్తుందని."

"టాయిలెట్‌లో ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది? గడియ ఉన్నదందుకేగా!" అంది రోమీ.

ఇరవై రెండేళ్ళలో ఎన్ని శిక్షణ తరగతులకు వెళ్ళానో! ఈ మాట ఒక్కరూ చెప్పలేదు.

"నన్ను పంపించేస్తారా?" ఈసారి గొంతు చిన్నదైంది.

"వెళ్తావేమో. మీ అమ్మకు నయమైతే వెళ్తావు. నాకు తెలీదు రోమీ. తెలీనిది తెలుసని నీకు అబద్ధం చెప్పను."

"రాసినా, అప్పుడు పేరు కొట్టేస్తావా?"

"ఈ ఇంట్లో ఒకసారి రాసిన పేరు కొట్టెయ్యం. ఇల్సే విషయంలో ఆ తప్పు చేశాను, మళ్ళీ చెయ్యను. ఆగస్టు చూడు. సీత్సె మొదటి పెళ్ళాం ఇంకా ఉంది."

"ఏంటీ?" అని హాల్లోంచి సీత్సె రెండో పెళ్ళాం గొంతు వినిపించింది. పాపం, పక్కింటినుంచి అప్పుడే తేలిగ్గా నవ్వుతూ వస్తున్నాడు సీత్సె.

తలుపు కింద రెండు వేళ్ళ సందుంది. అందులోంచి క్యాలెండర్ మెల్లగా బయటికి జారింది. నవంబర్ పేజీ తెరిచి ఉంది.

"రాయి. పెన్నుతో," అంది లోపలి గొంతు.

పెన్ను కోసం తడుముకుంటుంటే తల మీదుగా ఒకటి అందింది. ఆఫ్కే అత్తయ్య కర్ర మీద ఆనుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టే ఉంది. నవంబర్ రెండున రోమీ అని రాశాను.

"ఆ అక్షరాలేంటే, కోడి గెలికినట్టు? గుండ్రంగా రాయి," అంది అత్తయ్య.

"మిగతావాళ్ళని కూడా," అంది రోమీ.

మార్చికి తిప్పాను. ఇల్సే అక్షరాలు వంకరపోయాయి, అయినా అత్తయ్య ఈసారి తప్పు పట్టలేదు. మే, జూలై, డిసెంబర్... పదకొండు పేర్లూ రాశాను.

"ఇంకోటి. జనవరి పదిహేడు. మా అమ్మ."

అక్కడ నా పెన్ను ఆగింది. దాచడం ఎందుకు, పద్నాలుగు నెలలుగా సాండ్రా మీద నాకు లోపల కోపమే. వస్తానన్న రోజు రానందుకు కోపం, వచ్చిన రోజు ఆ పిల్ల నన్ను మర్చిపోయినందుకు ఇంకా కోపం. కానీ ఆవిడ పుట్టకపోతే ఈ తలుపు వెనక ఎవరూ ఉండరు. సాండ్రా అని రాశాను, గుండ్రంగా. క్యాలెండర్ మళ్ళీ సందులోంచి లోపలికి తోశాను. పేజీలు తిరగేస్తున్న చప్పుడు విన్నాం. సరిచూసుకుంటోంది!

గడియ తీసిన చప్పుడైంది. ముక్కు ఎర్రగా చేసుకుని రోమీ బయటికొచ్చింది. ఆఫ్కే అత్తయ్య కర్ర ఎడమ చేతికి మార్చుకుని కుడి చేయి చాచింది.

"నీ డౌవే పుట్టినరోజుకి నీకు శుభాకాంక్షలు, రోమీ."

"మీ మేనల్లుడి పుట్టినరోజుకి మీకూ శుభాకాంక్షలు," అంది రోమీ, ఆ చేతిని గట్టిగా ఊపుతూ.

"వరస బాగానే తెలుసే నీకు. ఇంక జరుగు, ఎనభై ఎనిమిదేళ్ళ దాన్ని ఎంతసేపు నిలబెడతావు?" అంటూ అత్తయ్య లోపలికెళ్ళి గడియ వేసుకుంది. రోమీ హాల్లోకెళ్ళి మొదటి కుర్చీనుంచి మొదలుపెట్టి అందరి చేతులూ మళ్ళీ ఊపించింది. ఈసారి జుట్టు చెరిపి తప్పించుకునే వీలు ఎవ్వరికీ ఇవ్వలేదు. చివర్న డౌవే దగ్గరికెళ్ళి, "నా పుట్టినరోజు నవంబర్ రెండు. మర్చిపోయానంటే కుదరదు," అంది.

మే నాలుగున డానాకు కార్డు పంపాను. ఇప్పుడు ఆవిడకు ఇద్దరు పిల్లలట, ఫొటో పంపింది. వాళ్ళ పేర్లూ ఎక్కించాను.

సెప్టెంబర్‌లో రోమీ వెళ్ళిపోయింది. సాండ్రా వచ్చి తీసుకెళ్ళింది. మనిషి తేరుకుంది, కళ్ళలోకి చూసి మాట్లాడింది. మెట్ల మీద సంచులు పెట్టాక రోమీ మళ్ళీ లోపలికి పరిగెత్తి, టాయిలెట్‌లోకి తొంగిచూసి, పేరు ఉందని ఖాయం చేసుకుని మరీ కారెక్కింది. నవంబర్ రెండున మేమిద్దరం కేకు పట్టుకుని పట్నం వెళ్ళొచ్చాం. అయినా ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉండేది. నాకా నిశ్శబ్దం ఏమాత్రం నచ్చలేదు.

ఫిబ్రవరి పదకొండు నా పుట్టినరోజు. పొద్దున ఏడింటికే ఫోన్ మోగింది.

"రిన్స్కే! శుభాకాంక్షలు! మా టాయిలెట్‌లో కూడా క్యాలెండర్ పెట్టాం. నీ పేరు నేనే రాశా, పెన్నుతో. ఉండు, అమ్మ మాట్లాడుతుందట."

సాండ్రా ఫోన్ తీసుకుని గొంతు సవరించుకుంది.

"శుభాకాంక్షలు రిన్స్కే గారూ. ఇంకో మాట... ఇది పొద్దున్నే నన్ను నిద్ర లేపి చేయి చాచిందండీ. 'నీ రిన్స్కే పుట్టినరోజుకి నీకు శుభాకాంక్షలు' అని నా చేత అనిపించుకునేదాకా కాఫీ తాగనివ్వలేదు."

ఏదో జవాబు చెప్పాను. ఫోన్ పెట్టేసి, వసారా దాటి, టాయిలెట్‌లోకి వెళ్ళి గడియ వేసుకున్నాను.

కాసేపటికి డౌవే తలుపు తట్టాడు. "రిన్స్కే, బాగానే ఉన్నావా? ఏం చేస్తున్నావ్ లోపల?"

"చదువుకుంటున్నా," అన్నాను, ముక్కు తుడుచుకుంటూ. "నవంబర్‌లో ఉన్నా."