ఖాళీ అనుకున్న చోటు

మధ్యాహ్నం రెండు కొట్టింది. మూడు కొట్టేలోగా పలకలమ్మ తప్పు చేసిందో లేదో తేలిపోవాలి.

వేధశాల నేలమాళిగలో పాత ఆకాశపు ఫొటోల గాజు పలకలు తుడవడం ఆమె పని. పద్దెనిమిదేళ్లుగా అదే పని కాబట్టి అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఆ పలకల్లో ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా ఉంటాయి. కిందటి నెల ఒక పలకలో, చీమల్లా ముసిరిన చుక్కల నడుమ, ఒక్క చుక్కయినా లేని బోడిమచ్చ కనబడింది. దానికి ముప్పై ఏళ్ల ముందు తీసిన పలక వెతికి చూసింది. అదే చోట, అదే మచ్చ! పరుగున వెళ్లి డైరెక్టరుకి చూపించింది. అక్కడే కొంప మునిగింది.

"రెండూ తుడిచింది నువ్వేగా," అన్నాడాయన. "రుద్ది రుద్ది చుక్కల్ని చెరిపేశావు. పలకల గది తాళాలు ఇంకొకరికి ఇస్తాను."

"చుక్కలున్న పూతవైపు గుడ్డ తగలనివ్వను సార్! మెత్తటి కుంచె తప్ప..."

ఆయన వినలేదు. విన్నది వదిన. రేడియో టెలిస్కోపు నడిపేది ఆవిడే. మరమ్మతులకని దాచుకున్న గంట సమయాన్ని మరదలి కోసం తీసిచ్చింది. ఆకాశం వైపు తెరిచిన దాని పెద్ద పళ్లేనికి పగలైనా రాత్రైనా ఒకటే.

"అక్కడ చుక్కలు లేక కాదేమో, వాటికి ఏదో అడ్డమొచ్చిందేమో," అంది వదిన మీటలు నొక్కుతూ. "చుక్కల మధ్య పల్చటి వాయువూ, మసిలాంటి దుమ్మూ తిరుగుతుంటాయి. ఎక్కడో ఓ పెద్ద చుక్క పేలితే ఆ తోపుడుకి ఒక చోట పోగుపడతాయి. పోగు చిక్కబడితే బయటి వెలుగు లోపలికి దూరదు. లోపల ఎముకలు కొరికే చలి. అప్పుడు ఒంటరిగా తిరిగే హైడ్రోజన్ పరమాణువులు దుమ్ము రేణువు మీద వాలి, జతకట్టి అణువులవుతాయి."

"దుమ్మే పెళ్లిపెద్ద అన్నమాట."

"పెళ్లయ్యాక మాటల్లేవు. ఆ చలిలో హైడ్రోజన్ అణువు కిక్కురుమనదు. దాంతోపాటు ఉండే కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వాగుడుకాయ, అచ్చం నీలాగే. దాని గొంతు వినబడితే అక్కడ దుమ్ము మబ్బు ఉన్నట్టే."

ఆ గొంతు వినబడితే లేవాల్సిన గీత తెర మీద చచ్చిన పాములా పడుంది. రెండూ ఇరవై అయింది. కదల్లేదు. రెండున్నరకి డైరెక్టరు తలుపు తోసుకొచ్చి, గీతనీ ఆమెనీ చూసి, "తాళాలు తెచ్చావా?" అన్నాడు.

పలకలమ్మ తాళాలున్న పిడికిలి బిగించింది. చూపు మాత్రం తెరను వదల్లేదు.

"ఒక్క నిమిషం సార్. వదినా, ఇక్కడ గీత కిందికి కుంగిందేం?"

"యంత్రం గరగర. పట్టించుకోకు."

"గరగరైతే అరగంట నుంచి ఒకే చోట కుంగుతుందా? అసలీ గీత ఎలా వస్తుంది?"

"పళ్లెం కాసేపు మచ్చని చూస్తుంది, కాసేపు పక్కనున్న ఖాళీ ఆకాశాన్ని చూస్తుంది. దాంట్లోంచి దీన్ని తీసేస్తే, యంత్రం రొద పోయి మచ్చ మాట మిగులుతుంది."

"తీసేసింది నిజంగా ఖాళీయే అయితే, గీత సున్నాకి కిందికెలా పోతుంది?"

వదిన చెయ్యి మీట మీదే ఆగిపోయింది.

గాజు మీద మురికి పట్టుకోవాలంటే పక్కనున్న శుభ్రమైన చోటుతో పోల్చి చూడాలి. గాజంతా మసకేస్తే తేడా తెలియదు. పలకలమ్మ వేళ్లకి ఆ సంగతి ఎప్పట్నుంచో తెలుసు. వెంట తెచ్చిన పలకని కింద దీపమున్న గాజు బల్ల మీద పరిచి, భూతద్దం వంచింది.

"నీ ఖాళీ చోటు ఎక్కడ?"

వదిన చూపించింది. పలకలమ్మ గోరంత గడి కత్తిరించిన అట్టముక్క అక్కడ పెట్టి లెక్కపెట్టింది.

"తొమ్మిది చుక్కలు. ఇదే గడి పలక మూలన పెడితే నలభై. ఇదెక్కడి ఖాళీ వదినా? నువ్వు చూస్తున్నదీ మబ్బే, తీసేస్తున్నదీ మబ్బే! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాం."

వదిన నాలుక కరుచుకుంది. "అలవాటుగా అర డిగ్రీ జరిపాను. ఎప్పుడూ అంతే జరుపుతాం."

రెండూ నలభై రెండు. ఈసారి ఖాళీ చోటును నాలుగు డిగ్రీలు అవతలికి మార్చారు. బయట పళ్లెం కిర్రుమంటూ తిరిగింది. డైరెక్టరు గడియారం చూసుకున్నాడు గానీ కదల్లేదు.

గీత ఉలిక్కిపడింది. నడుమ చిన్న గుట్ట లేచింది. పది నిమిషాలు గడిచేసరికి అది కొండై కూర్చుంది.

డైరెక్టరు కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో గట్టిగా తుడవసాగాడు.

"మెల్లిగా సార్," అంది పలకలమ్మ. "రుద్ది రుద్ది కొండని చెరిపేస్తారు."

వదిన పక్కకి తిరిగి నవ్వాపుకుంది. ఆయన మొహం ఎర్రబడింది. "తాళాలు నీ దగ్గరే ఉంచు," అని గొణిగి, తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"ఆ మబ్బు చివరికి ఏమవుతుంది వదినా?"

"ఎక్కడైనా మరీ చిక్కబడితే, తన బరువుకి తనే కుంగి ముద్దలవుతుంది. లక్షల ఏళ్లకి కొత్త చుక్కలు."

పలకలమ్మ కాసేపు ఆ కొండనే చూసింది.

"ఇన్నేళ్లలో మీరు ఖాళీ అని రాసుకున్న చోట్ల జాబితా ఉందా?"

"నాలుగొందల పైమాటే. ఎందుకే?"

"జాబితా కిందికి పంపు, పలకల్లో చూస్తాను!" తాళాల గుత్తి గలగల అప్పటికే మెట్లు దిగుతోంది.